పిండిలో గులాబీ, ట్రేలో మట్టి: ఒక బీట్‌రూట్ రంగు కేసు

గులాబీ రంగు పిండిని ఓవెన్‌లో పెడితే 12 నిమిషాలకి మట్టి రంగు బిస్కెట్ బయటికొచ్చింది. కేసంతా ఇంతే. దీన్ని సరిచేయడానికి మాకు ఐదు నెలలు పట్టింది. అప్పటికీ పూర్తిగా సరికాలేదు.

నేను బెంగళూరు పీణ్యలో సహజ రంగులు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ఫుడ్ టెక్నాలజిస్టుని. పసుపు, మిరప, జాఫ్రా, బీట్‌రూట్, రోజంతా వీటితోనే పని. తెల్ల కోటు ఇచ్చారు గానీ అది తెల్లగా ఉన్నది మొదటి వారమే. కస్టమర్‌ది బొమ్మనహళ్లి వైపు బేకరీ. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. వాళ్ల షాపులో బాగా పోయే సరుకు రోజ్ కుకీ. గుడ్డు వేయరు, గులాబీ ఎసెన్స్ వేస్తారు. రంగు కోసం ఎన్నో ఏళ్లుగా ఎరిత్రోసిన్ అనే కృత్రిమ రంగు వాడుతున్నారు. అది చట్టం ఒప్పుకునే రంగే, 100 పీపీఎం (కిలోకి 100 మిల్లీగ్రాములు) పరిమితి లోపలే వేస్తున్నారు కూడా.

మరి మార్చడం ఎందుకు? 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్నీ, పీచు మిఠాయిలో రోడమైన్-బి అనే బట్టల రంగు వాడకాన్నీ నిషేధించింది. జూన్‌లో కబాబ్‌లకి కూడా ఆ నిషేధం వర్తింపజేసింది. ఆ వార్తల తర్వాత కౌంటర్ దగ్గర ప్రశ్నలు మొదలయ్యాయి. "గోబీకీ నా బిస్కెట్‌కీ సంబంధమేముంది మేడం? అయినా పిల్లల్ని ఎత్తుకొని వచ్చిన ప్రతి తల్లీ రంగేశారా అని అడుగుతోంది" అన్నాడు బేకరీ ఓనరు. రంగు మాత్రం అదే కావాలి. లేబుల్ మీద బీట్‌రూట్ అని ఉండాలి.

అంతకుముందు వేరే చోట బీట్‌రూట్ పొడి కొని ఆయనే సొంతంగా ప్రయత్నించాడు. ఆ బిస్కెట్లు ఒక స్టీలు డబ్బాలో పోసి తెచ్చాడు. మూత తీసి, "ఇదిగోండి, ఎర్రమట్టి గోడ" అన్నాడు. ఒకటి విరిచి చూశాను. అంచులు గోధుమ రంగు, పైన పసుపు కలిసిన గోధుమ, మధ్యలో మాత్రం అరంగుళం మేర లేత గులాబీ మిగిలింది. నాకు ఆసక్తి కలిగించింది ఆ అరంగుళమే. ఓవెన్ వేడికి రంగంతా పోతే అక్కడ కూడా పోవాలి కదా.

రంగు ఎలా పోతుంది

బీట్‌రూట్ ఎరుపుకి కారణం బెటానిన్. నీళ్లలో కరుగుతుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 నుంచి 6 మధ్య హాయిగా ఉంటుంది, 7 దాటితే ఇబ్బంది పడుతుంది. వేడి తగిలితే నీటి అణువు వచ్చి దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క బెటాలమిక్ యాసిడ్, దాని రంగు పసుపు. రెండో ముక్కకి రంగే లేదు. అందుకే బీట్‌రూట్ మాడినట్టు నల్లబడదు, ముందు పసుపుకి తిరుగుతుంది. దీనికి ఆక్సిజన్, వెలుతురు, ఇనుము, రాగి కూడా తోడైతే పని ఇంకా తొందరగా అయిపోతుంది.

మన వంటింట్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు. మా అమ్మ బీట్‌రూట్‌ను తొక్కతోనే, తోక కూడా కోయకుండా ఉడకబెట్టి, తర్వాత ఒలిచేది. ముక్కలు కోసి ఉడికిస్తే రంగంతా నీళ్లలోకి పోతుంది అనేది. రంగు మొక్క కణంలో ఒక సంచిలో ఉంటుంది, దాని బయట గోడ, ఆ బయట తొక్క. మేం లక్షలు పెట్టి యంత్రాలతో చేసే ఎన్‌క్యాప్సులేషన్ కూడా అలాంటి సంచీ కట్టే ప్రయత్నమే.

ఆయన ముందే మూడు గ్లాసుల్లో బీట్‌రూట్ రసం పోశాను. ఒకదాంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం, ఒకటి అలాగే, మూడోదాంట్లో చిటికెడు వంటసోడా. మూడింటినీ మరిగే నీళ్ల బాత్‌లో దింపాం. సోడా గ్లాసు మా కళ్లముందే ముదిరి, మాసి, టీ డికాక్షన్ రంగుకొచ్చింది. మామూలు గ్లాసు నెమ్మదిగా వెలిసింది. నిమ్మరసం గ్లాసు చివరిదాకా ఎర్రగానే ఉంది, ఛాయ మాత్రం తగ్గింది. "అయితే తప్పు ఓవెన్‌ది కాదు, సోడాది" అన్నాడు. సగం నిజం. ఆయన పిండి పీహెచ్ చూస్తే 7.8 వచ్చింది. సోడాతో పాటు బేకరీ అమ్మోనియా (బిస్కెట్‌ను పొంగించే పొడి) కూడా గట్టిగానే వేస్తున్నాడు, కరకరలాడాలని.

ఆ గ్లాసుల గురించి ఇంకో మాట. నిమ్మరసం గ్లాసు మర్చిపోయి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిపోయాను. మర్నాడు చూస్తే ముందురోజు సాయంత్రం కంటే ఎర్రగా కనిపించింది. కళ్లు మోసం చేయలేదు. విడిపోయిన రెండు ముక్కలూ చల్లని చోట, కాస్త పుల్లదనంలో కొంతవరకూ మళ్లీ కలుస్తాయి, బెటానిన్‌కి ఉన్న గుణమే అది. అందుకని రంగు కొలిచేటప్పుడు వేడి తగ్గగానే కొలిచారా, ఓ రాత్రి ఆగి కొలిచారా అన్నది రాసుకోకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. మా పాత నోట్‌బుక్‌లో అలాంటి పేజీలు చాలానే బయటపడ్డాయి.

మొదటి పొడి, నా పొరపాటు

ఎన్‌క్యాప్సులేషన్ అనగానే మేం ముందు వెళ్లేది స్ప్రే డ్రైయర్ దగ్గరికే. బీట్‌రూట్ రసాన్ని చిక్కబరిచి, సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 5కి తెచ్చి, కాస్త విటమిన్ సి, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి), తుమ్మ బంక కలిపి, సన్నటి తుంపరగా వేడి గాలిలోకి కొడతాం. గాలి లోపలికి వెళ్లేది 165 డిగ్రీల దగ్గర. వినగానే అందరూ భయపడతారు, రంగు కాపాడాలని 165 డిగ్రీలేంటి అని. చుక్కలో తడి ఉన్నంతసేపూ ఆవిరవుతున్న నీరే దాన్ని చల్లగా ఉంచుతుంది, ఎండాకాలం మట్టికుండలో నీళ్లలాగే. తడి పోయాకే అసలు ప్రమాదం. కాబట్టి మా కన్నెప్పుడూ బయటికొచ్చే గాలి మీదే ఉంటుంది, దాన్ని 85 దాటనివ్వం.

రసంలో చక్కెర ఎక్కువ, అందుకే మాల్టోడెక్స్‌ట్రిన్ తగ్గితే పొడి రాదు, పాకం వస్తుంది. మొదటి బ్యాచ్ డ్రైయర్ గోడలకి అంటుకుని గీక్కోవాల్సి వచ్చింది. రెండోది ముచ్చటగా వచ్చింది. వేలికి రాసుకుంటే కుంకుమలా పట్టేంత సన్నటి పొడి.

దాన్ని గాజు పళ్లెంలో పల్చగా పరిచి 110 డిగ్రీల ఓవెన్‌లో 20 నిమిషాలు ఉంచాను. రంగు దాదాపు అలాగే ఉంది. పక్కనే పెట్టిన ఉత్త బీట్‌రూట్ రసం చుక్క ఎండి గోధుమ రంగైంది. ఆ రెండింటి ఫొటో తీసి, "అన్నా, దొరికేసింది" అని వాట్సాప్ పెట్టాను. ఇంత చదువూ చదివి అలా పెట్టకూడదు.

బేకరీలో ట్రయల్ వేశాం. పిండి కలిపినప్పుడు కళ్లు చెదిరే గులాబీ. ఓవెన్ నుంచి వచ్చింది మళ్లీ అదే ఎర్రమట్టి గోడ, ఒక పూత తక్కువగా.

ఎక్కడ తప్పానో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కూర్చున్నప్పుడు వెలిగింది. అక్కడ ఎలాగూ ఆలోచించడం తప్ప వేరే పని ఉండదు. మాల్టోడెక్స్‌ట్రిన్, తుమ్మ బంక, రెండూ నీళ్లలో కరిగిపోయేవే. పిండి కలిపిన ఐదు నిమిషాలకే గోడలు కరిగి, రంగు సోడా నీళ్లలో తేలుతోంది. ఉప్పు బస్తా నెత్తిన పెట్టుకుని వాగు దాటాను నేను. నా పరీక్షలో నీళ్లు లేవు, బిస్కెట్ పిండిలో ఉన్నాయి. పొడిని పొడిగా కాల్చి చూసి బిస్కెట్‌లో నిలుస్తుందని చెప్పడం శుద్ధ తప్పు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కస్టమర్లే కాదు, ఈ రంగంలో ఉన్నవాళ్లు కూడా దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. క్యాప్సూల్ అంటే థర్మాస్ ఫ్లాస్కు కాదు. ఇరవై ముప్ఫై మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) రేణువు లోపలికి వేడి చేరడానికి క్షణం కూడా పట్టదు. ఏ పొరా వేడిని ఆపలేదు. పొర ఆపగలిగింది నీటిని, ఆక్సిజన్‌ని, పక్కనున్న సోడాని. గాజులా గట్టిపడిన పొరలో రంగు అణువు కదల్లేదు, నీరు దాన్ని చేరలేదు, అందుకే వేడెక్కినా విరగదు. వేడి నుంచి కాపాడటం అని మనం అంటున్నది నిజానికి వేడి తగిలే సమయంలో నీళ్ల నుంచి కాపాడటం. మొదటి బిస్కెట్‌లో మధ్యలో గులాబీ ఎందుకు మిగిలిందంటే అక్కడ వేడి ఆలస్యంగా చేరింది, తక్కువసేపు ఉంది, బయట ముదిరినంతగా ముదరలేదు. అంతకు మించి మర్మమేం లేదు.

కొవ్వు పూత

నీళ్లలో కరగని పొర కావాలంటే ముందు గుర్తొచ్చేది కొవ్వు. 60 డిగ్రీలు దాటాక కరిగే గట్టి వనస్పతి కొవ్వును కరిగించి, అందులో మన పొడి కలిపి, చల్లగాలిలోకి తుంపరగా కొడితే గింజలు గింజలుగా గట్టిపడుతుంది. స్ప్రే డ్రైయింగ్‌కి అన్నదమ్ముల పిల్లే, వేడి గాలి బదులు చల్లగాలి, అంతే.

ఈసారి పిండి తెల్లగానే ఉండిపోయింది. రంగు కొవ్వు లోపల దాక్కుంది కదా. పిండి కలిపే కుర్రాడు రంగు వేయడం మర్చిపోయాననుకుని ఇంకో గరిటె వేయబోయాడట. ఓవెన్‌లో కొవ్వు కరిగాక గింజ ఉన్న ప్రతి చోటా ఎర్రటి చుక్క విప్పుకుంది. ట్రే బయటికి తీశాక ఓనరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏం మేడం, బిస్కెట్‌కి అమ్మవారు పోసిందా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ నాకు ఆ చుక్కలు ముద్దుగానే కనిపించాయి. ఎర్రగా ఉన్నాయి, పసుపు కాలేదు. అంటే పిండి నానిన అరగంటా, ఓవెన్‌లో మొదటి నిమిషాలూ రంగు సోడాకి దొరకలేదు. అయితే కొవ్వు కరిగే సమయానికి బిస్కెట్‌లో తడి ఇంకా ఉంటుంది, తడి పోయేది ఆ తర్వాత. కాబట్టి కాపాడింది సగం దారి వరకే. 80 దాటాక కరిగే కార్నాబా మైనం కొంత కలిపితే ఇంకొంచెం ముందుకెళ్లాం. మరీ ఎక్కువైతే నాలుక మీద కొవ్వొత్తి రుచి.

చుక్కలు పోవాలంటే గింజ చిన్నది కావాలి. గింజలు చిన్నవైతే వాటన్నిటి ఉపరితలం కలిపి పెరుగుతుంది, అదే కొవ్వుతో పూత పల్చనవుతుంది, రంగు కారుతుంది. ఈ రెంటి మధ్య నెలన్నర ఊగిసలాడాం. ఈలోగా సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను కాల్షియం నీళ్లలో గట్టిపరిచి పూసలు కూడా చేసి చూశాం. రంగు నీళ్లలో కరిగేది కాబట్టి పూస గట్టిపడేలోగా సగం రంగు కాల్షియం నీళ్లలోకే పోయింది. పూసలు వెలవెలబోయి, బకెట్ ఎర్రగా మెరిసింది. ఆ దారి అక్కడే వదిలేశాం.

వేరే మొక్కల రంగు చూడలేదా అంటే చూశాం. నల్ల క్యారెట్‌లోని రంగు పదార్థాలు, ఆంథోసయనిన్లు, వేడికి బీట్‌రూట్ కంటే మెరుగు, కానీ పీహెచ్ పెరిగితే నీలానికి తిరుగుతాయి. ఆయన సోడా పిండిలో పలక రంగు వచ్చింది. మిరప రంగు వేడికి తట్టుకుంటుంది గానీ నారింజ, గులాబీ కాదు. ఓవెన్‌లో రాయిలా నిలబడే ఎరుపు ఒకటుంది, కార్మైన్. అది కోకినీల్ పురుగుల నుంచి తీసేది. ఆ మాట చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు. "పురుగని తెలిస్తే షట్టర్ దించుకోవాల్సిందే."

పిండి వైపు నుంచి

రంగుకి ఎన్ని కోట్లు తొడిగినా పిండి మారకపోతే లాభం లేదని అప్పటికి అర్థమైంది. సోడా తగ్గించి, దాన్ని చప్పబరిచే ఎస్ఏపీపీ (సోడియం యాసిడ్ పైరోఫాస్ఫేట్ అనే ఆమ్ల లవణం) చేర్చి పిండి పీహెచ్‌ను 6.5 దరిదాపుల్లోకి తెచ్చాం. అమ్మోనియా సగానికి తగ్గించాం. పాలపొడి, ఇన్వర్ట్ సిరప్ (చక్కెరను విడగొట్టి చేసే పాకం) తీసేశాం, ఎందుకంటే బిస్కెట్‌ను కాల్చిన రంగుకి తెచ్చేవి అవే. పీహెచ్ తగ్గితే ఆ గోధుమ రంగు కూడా తగ్గుతుంది. అంటే రంగు నిలవడమే కాక, దాన్ని కప్పేసే గోధుమ ఛాయ కూడా వెనక్కి పోతుంది. నా లెక్కలో ఈ కేసు మొత్తంలో చవకగా దొరికిన గెలుపు ఇదే. ఒక్క యంత్రం అక్కర్లేదు.

ఖర్చు వేరే చోట పడింది. బిస్కెట్ మునుపటంత పరుచుకోలేదు, కాస్త గట్టిగా, పొట్టిగా వచ్చింది. దాన్ని పల్చగా ఒత్తి, ఓవెన్ 180 నుంచి 160కి దించాక కరకర కొంత తిరిగొచ్చింది. బేకరీ మేస్త్రీకి మాత్రం నచ్చలేదు. ఇరవై ఏళ్ల చెయ్యి ఆయనది, పీహెచ్ మీటర్ చూసి పిండి కలపమంటే ఎవరికి నచ్చుతుంది?

ఇన్ని చేశాక వచ్చింది లేత గులాబీ. నిజంగా బాగుంది, కానీ ఎరిత్రోసిన్ పక్కన పెడితే జ్వరమొచ్చి లేచినట్టుంది. రంగు మోతాదు పెంచితే ఇంకో చిక్కు, బీట్‌రూట్ మట్టి వాసన. జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుందది, తొలకరి వానకి నేల నుంచి లేచే వాసనలోనూ అదే ఉంటుంది. వానకి హాయిగానే ఉంటుంది, రోజ్ కుకీలో కాదు. మార్కెట్లో దొరికే బీట్‌రూట్ రంగు పొడిలో బెటానిన్ తరచూ ఒక శాతం కూడా ఉండదు, మిగతాదంతా చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్. కాబట్టి మోతాదు పెంచడమంటే వాసనను, తీపిని కూడా పెంచడమే.

క్రీమ్

రంగు నిలవాలంటే నీళ్లు ఉండకూడదని నేనే పదిసార్లు అంటున్నాను. నీళ్లు లేని చోటు బిస్కెట్‌లో ఎక్కడుంది? క్రీమ్‌లో. బిస్కెట్ క్రీమ్ అంటే కొవ్వు, చక్కెర పొడి. తడి లేదు, సోడా లేదు, ఓవెన్‌కి వెళ్లదు. ఇంత సులువైన మాట నాలుగో నెలలో తట్టిందంటే సిగ్గుగానే ఉంది, కానీ కస్టమర్ అడిగింది బిస్కెట్ రంగు, నేను ప్రశ్నను ఆయన అడిగినట్టే పట్టుకుని కూర్చున్నాను.

పైగా క్రీమ్‌కి కావలసింది కొవ్వు పూత పొడి కాదు, మూలన పడేసిన మొదటి పొడే. కొవ్వులో మాల్టోడెక్స్‌ట్రిన్ కరగదు, గోడలు చెక్కుచెదరవు. నేరుగా కలిపితే రంగు రాలేదు, గులాబీ ఇసుక చల్లినట్టుంది. కొవ్వులో రంగు కరగదు కాబట్టి రేణువు ఎంత సన్నగా ఉంటే అంత రంగు కనిపిస్తుంది. పొడిని నూనెలో వేసి బాల్ మిల్లులో 20 మైక్రాన్ల లోపుకి నూరించాం. ఆ ముద్ద ఒక చెంచా క్రీమ్‌లో వేసి కలుపుతుంటే గిన్నె అంచు నుంచి మధ్యకి గులాబీ పాకింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే గరగర లేదు, మట్టి వాసన గులాబీ ఎసెన్స్ కింద అణిగింది.

రెండు లేత గులాబీ బిస్కెట్ల మధ్య ముదురు గులాబీ క్రీమ్ పెట్టి తీసుకెళ్లాను. ఓనరు అటూ ఇటూ తిప్పి చూసి, "క్రీమ్ అంటే రేటు పెరగదా?" అన్నాడు. లోపల గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కోడలు లేచి వచ్చి ఒకటి తిని, రెండోది చేతిలోకి తీసుకుంటూ, "మామయ్యా, పాతదాని కంటే ఇదే కొంటారు" అంది. రేటు మాట అక్కడితో ఆగింది.

ఇప్పుడు నడుస్తున్నది ఇదే. లేబుల్ మీద బీట్‌రూట్ రంగు కోడ్, ఐఎన్ఎస్ 162. పైన బిస్కెట్లో కొవ్వు పూత పొడి కొద్దిగా, క్రీమ్‌లో నూరిన పొడి. అంచులు ఇప్పటికీ ఒక గీత మేర గోధుమగానే వస్తాయి, దాన్ని చేత్తో చేసిన సరుకు గుర్తు కింద వదిలేశాం. కౌంటర్ మీద గాజు జాడీలో ట్యూబ్‌లైట్ కింద పెడితే రెండు వారాల్లో క్రీమ్ వెలిసింది, ఇప్పుడు లోపల వెండి పొర ఉన్న కవర్లో కడుతున్నారు.

తేలనిది చెన్నై. అక్కడ వాళ్లకి ఒక చిన్న యూనిట్ ఉంది, అదే పొడి అక్కడికీ పంపాం. డబ్బా మూత ఒక రాత్రి సరిగా పెట్టలేదట. మర్నాటికి పొడి బెల్లం అచ్చులా గడ్డకట్టి, పైన ముదురు గోధుమ రంగు తిరిగింది. బెంగళూరు గాలికి ఓర్చుకున్న గాజు పొర చెన్నై ఉక్కకి నీళ్లు పీల్చి మెత్తబడింది. మెత్తబడితే లోపలి రంగు అణువు కదలడం మొదలుపెడుతుంది, ఓవెన్ కూడా అక్కర్లేదు. ప్రస్తుతానికి ఒక బ్యాచ్‌కి సరిపడా పొడిని చిన్న చిన్న రేకు సాషేల్లో కట్టి పంపుతున్నాం, చింపితే వాడేయాలి, మిగల్చకూడదు అని. పొడి బదులు నూనెలో నూరిన ముద్దనే పంపాలని నా ఆలోచన. మొదటి డబ్బా వచ్చే వారం బస్సులో వెళ్తుంది.